నీళ్ళు పోయని తట్ట

ఇప్పలగుంపు బడి పిల్లలు తుల్సీరాం సారుకు డబ్బాల సారని పేరు పెట్టారు. ఆ పేరు తిరిగి తిరిగి ఆయన చెవిన కూడా పడింది. కోపం రాలేదు సరికదా, మర్నాడు ఇంకో డబ్బా తెచ్చాడు.

ఆయన తరగతి గదిలో ఓ మూల బల్ల నిండా అలాంటివే. కోసిన మంచినీళ్ళ సీసాలో రెండు బుడగలు వేలాడగట్టి, అడుగున రబ్బరు సాగదీసి బిగించిన ఊపిరితిత్తులు. సెలైన్ గొట్టంతో కలిపిన రెండు సిరంజీలు. ఒకటి నొక్కితే రెండోది లేచేది. దానికి అట్టముక్కల చెయ్యి తగిలించేసరికి పిల్లలు జేసీబీ అని పేరు పెట్టి, దానితో చాక్‌పీసులు తవ్వారు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితాలు మరో డబ్బాలో ఉండేవి. సబ్బునీళ్ళ చుక్క పడితే అవి ఎర్రబడేవి. ఇల్లందు బొగ్గుబాయిల దగ్గర పారబోసిన రాళ్ళలోంచి ఏరుకొచ్చిన పలకలు కొన్ని. వాటి మీద ఆకుల అచ్చులుండేవి, ఈనెలతో సహా.

"ఈ ఆకు రాలినప్పుడు భూమ్మీద మనిషే లేడు" అన్నాడు సారు ఒకరోజు, పలక ఎత్తి చూపిస్తూ.

"అందుకే మిగిలింది సార్" అంది ఏడో తరగతి మోతీ. "ఊడ్చేటోళ్ళు లేకపాయె."

గోడకున్న పాఠ్యప్రణాళికలో ఆ జవాబుకు చోటు లేదు. తుల్సీరాం మాత్రం రోజంతా నవ్వుకున్నాడు.

ఆయన పుట్టింది వాగు అవతలి తండాలోనే. ఆరో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదివాడు. అక్కడ సైన్సంటే బట్టీ. 'ఆమ్లములు నీలి లిట్మసును ఎర్రగా మార్చును' అని గొంతెత్తి చదివేవాడు. లిట్మసంటే ఏమిటో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రంగులు మారుస్తుంది కాబట్టి ఊసరవెల్లి జాతిదేదో అయివుంటుందని, దాని మీద పులుసులాంటిది పోస్తారని తుల్సీరాం తనలో తాను అనుకున్నాడు. ఆ ప్రశ్నకు ప్రతిసారీ పూర్తి మార్కులే వచ్చేవి. కొత్తగూడెంలో డిగ్రీ చేరాక మొదటి ప్రాక్టికల్ నాడు వేలెడు కాగితం ముక్క చేతికిచ్చి ఇదే లిట్మసన్నారు. "ఇదా?" అని ఎంత గట్టిగా అన్నాడంటే, ల్యాబ్ అటెండరు ఏదో ఒలికిందనుకుని గుడ్డ పట్టుకొచ్చాడు.

టీచరు ఉద్యోగం వచ్చాక ఆయన పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. పిల్లలు కంటితో చూడనిది చేత్తో రాయకూడదు. పద్ధతి మంచిదే కానీ, ఇప్పలగుంపులో చూడటానికే పొద్దు చాలేది కాదు. రాయడం వెనకబడింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఊరి విద్యా కమిటీ చైర్మన్ వెంకటప్పయ్య. వాళ్ళ నాన్న హయాంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పత్తి, మిరప వేసి నిలదొక్కుకున్న కుటుంబం. మనవరాలు సాయిప్రియ ఏడో తరగతి. ఒకరోజు ఆమె సైన్సు నోట్సు తిరగేస్తే ప్రశ్నలూ జవాబులూ కనబడలేదు. ఒక పేజీలో బుడగ బొమ్మ, ఇంకో పేజీలో పసుపు మరక, మూడో పేజీలో అతికించిన తునికాకు. ముసలాయన నోట్సు చంకన పెట్టుకుని నేరుగా బడికొచ్చాడు.

"మాస్టారూ, మీరు మంచివారే. కాదనను. కానీ ఇదేంటండీ? పిల్ల చదువుకుంటోందా, పేరంటం ఆడుతోందా?"

"చూసి నేర్చుకుంటున్నరు సార్. రాసుడు కూడా మొదలుపెడతం."

"ఇల్లందు ఇంగ్లీషు మీడియం వాళ్ళు ఆటో పంపుతామంటున్నారు. ఇంటి ముందే ఎక్కించుకుంటారంట. పది మంది దాకా సిద్ధంగా ఉన్నారు. నేను ఊఁ అంటే వాళ్ళూ ఊఁ అంటారు. నేను ఉహూఁ అంటే ఆగుతారు. అంతా నా నెత్తిన పెట్టారు."

హెడ్‌మిస్ట్రెస్ నిర్మలాదేవి ఆ మాట విని పెన్ను కింద పెట్టింది. ఆరూ ఏడూ తరగతుల్లో పది మంది తగ్గితే సైన్సు పోస్టు మిగులు కింద లెక్కగట్టి ఇంకో మండలానికి మార్చేస్తారు. పోయేది తుల్సీరామే. ఆయన వెళ్ళాక సైన్సు పాఠం ఆమే చెప్పాలి, లేదా తెలుగు పండితుడు చెప్పాలి. మళ్ళీ బట్టీయే.

తుల్సీరాంకు బదిలీ అంటే భయం లేదు. ఆ మూలబల్ల మీది డబ్బాలు ఎవరు తీసి పారేస్తారో కళ్ళకు కట్టినట్టు కనబడింది.

"ఒక్కసారి వచ్చి చూడండి సార్" అన్నాడు. "తల్లిదండ్రులందరూ రండి. వచ్చే శనివారం. పిల్లలేం నేర్చుకున్నరో వాళ్ళే చెప్తరు. నచ్చకపోతే సోమవారం ఆటో ఎక్కియ్యండి."

"శనివారం సరే" అన్నాడు వెంకటప్పయ్య. "మాట మీద ఉండండి మరి."

ఏం చూపించాలా అని ఆలోచిస్తూ ఇంటికెళుతుంటే తుల్సీరాంకు తండాలోని మంచె కనబడింది. శ్రావణమాసం. లంబాడీ తండాల్లో తీజ్ రోజులు. పెళ్ళికాని ఆడపిల్లలు గోధుమలు నానబెట్టి, పుట్టమన్నూ ఎరువూ కలిపిన బుట్టల్లో చల్లి, పాటలు పాడుతూ పూటపూటా నీళ్ళు పోస్తారు. మొలకలు ఏపుగా లేస్తే ఊరికి మంచిదంటారు. పండుగ చివర వాటిని నీళ్ళలో కలుపుతారు. మంచె మీద వరుసగా బుట్టలు. ఇంటింటా గోధుమలు ఉండనే ఉన్నాయి. తుల్సీరాం బుర్రలో దీపం వెలిగింది. మొలకకు ఏమేం కావాలి? ఏడో తరగతి పాఠమే. పండుగనే పాఠంలోకి తెస్తే ఇక తిరుగేముంది?

మర్నాడే పిల్లలచేత మూడు తట్టల్లో గోధుమలు చల్లించాడు. వేసింది ఆడపిల్లలే, వాళ్ళకే చేయి తిరిగిన పని. ఒకటి కిటికీ దగ్గర వెలుతురులో, నీళ్ళు పోయకుండా. ఒకటి తలుపు దగ్గర వెలుతురులో, రోజూ నీళ్ళు పోస్తూ. మూడోది మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే చీకటి కొట్లో, నీళ్ళు పోస్తూ. నీళ్ళు పోసే పని మగపిల్లలకు అప్పజెప్పాడు. ఆడపిల్లలు ఇంట్లోనూ తీజ్‌కు పోసి, బడిలోనూ పోయడమెందుకని ఆయన ఆలోచన. మర్నాటి నుంచి వచ్చే శుక్రవారం దాకా తనకు ఖమ్మంలో ట్రైనింగు ఉంది కాబట్టి గదికి తాళం వేసి చెవి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇచ్చాడు. నీళ్ళ వేళకు తీసి, మళ్ళీ వేయమన్నాడు. ఎవరూ గెలకకుండా ఉండాలిగా.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య ద్వాలి అడిగింది.

"ఎండబెట్టేది ఎవరి తట్ట?"

"ఎవరిదీ కాదు. బడిది."

"ఆడపిల్లల చేత చల్లించి, ఎవరిదీ కాదంటే ఎట్ల?"

"ప్రయోగమే అది. పండుగ కాదు."

"గోధుమలకు తెలుసా ఆ సంగతి?"

తుల్సీరాం నవ్వి, పప్పు ఇంకొంచెం వేయమన్నాడు. తెల్లారి ఖమ్మం బస్సెక్కాడు.

ట్రైనింగు నుంచి శుక్రవారం పొద్దుగూకాక వచ్చాడు. శనివారం పొద్దున బడికెళ్ళేసరికి వరండా నిండా జనం. తండా వాళ్ళు, ఇప్పలగుంపు వాళ్ళు, పత్తిచేల వాళ్ళు అందరూ వచ్చారు. ఆటో మాట నలుగుతూనే ఉంది కాబట్టి ఎవరూ ఇంట్లో ఆగలేదు. ముందు వరసలో వెంకటప్పయ్య కండువా సర్దుకుని కూర్చున్నాడు. చైర్మన్ పక్కన కూర్చోవడం ఇష్టం లేని తండా పెద్ద జంపయ్య గోడకానుకుని నిలబడ్డాడు.

మొదట అంతా బాగానే సాగింది. ఒక పిల్లాడు అడుగు రబ్బరు లాగి బుడగల ఊపిరితిత్తులు ఉబ్బించి చూపించాడు. "చుట్ట తాగితే గిట్లయితదా సారూ?" అని ఎవరో అడిగితే, "తాగితే అవి కూడా మిగలవు" అని ఆ పిల్లాడే అన్నాడు. జనం నవ్వారు, జంపయ్య చుట్ట దాచాడు. వెంకటప్పయ్య కూడా కాస్త ముందుకు వంగాడు. తుల్సీరాంకు ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు అసలు ప్రయోగం" అన్నాడు. "మొలకకు ఏం కావాలె? గింజలు ఒకటే, మట్టి ఒకటే. ఒకదానికి నీళ్ళు లేవు. ఒకదానికి వెలుతురు లేదు. ఏమైందో మీ కళ్ళతోనే చూడుండ్రి. మోతీ, తట్టలు తే."

చీకటి కొట్టు తట్ట ముందు వచ్చింది. మొలకలు పొడుగ్గా సాగి, పాలిపోయి, పసుపుపచ్చగా వంగి ఉన్నాయి.

"దీనికి కామెర్లు అంటినయి" అన్నాడు జంపయ్య.

"వెలుతురు లేక" అన్నాడు సారు సంతోషంగా. తర్వాత నీళ్ళు పోసిన తట్ట వచ్చింది. మొలకలు ఉన్నాయి గాని, ఎడాపెడా, ఒకచోట ఉంటే ఇంకోచోట లేవు. తుల్సీరాం కనుబొమ్మలు కలిశాయి. సరే అనుకున్నాడు. మూడోది చూస్తే తేడా తెలుస్తుంది.

మూడో తట్ట నీళ్ళు పోయనిది. మోతీ దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గింది. బుట్ట అంచు దాటి జానెడు ఎత్తున మొలకలు. నిగనిగలాడుతున్నాయి. ఒత్తుగా, పచ్చగా, గాలికి ఒక్కసారి అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

వరండాలో వెనకున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. తర్వాత వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాస్టారూ, నీళ్ళు పోయకపోతేనే పైరు బాగొస్తుందన్నమాట. ఇన్నాళ్ళూ తెలియక కరెంటు బిల్లు కడుతున్నాను. రేపే మా బోరు మోటారు అమ్మేస్తా."

జనం గొల్లున నవ్వారు. ఎవరో ఈల వేశారు. నిర్మలాదేవి గోడ మీది క్యాలెండరు వంక చూసింది. వెంకటప్పయ్య కండువా దులిపి లేచాడు. ఆయనతో పాటు ఓ పది మంది మోకాళ్ళ మీద చేతులు పెట్టారు, లేవడానికి.

తుల్సీరాం తట్టను తనవైపు లాక్కున్నాడు. ఏం చెప్పినా ఇప్పుడు సాకులాగే ఉంటుంది. ట్రైనింగులో ఉన్నానని చెప్పాలా? హెడ్‌మిస్ట్రెస్ మీద నెట్టాలా? ఆయన తట్ట వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. ఆడపిల్లలు ఒక్కరూ నవ్వడం లేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"కూసోండి సార్, ఒక్క నిమిషం" అన్నాడు వెంకటప్పయ్యతో. పిల్లల వైపు తిరిగాడు. "పుస్తకం ప్రకారం ఇది మొలవొద్దు. మొలిసింది. పుస్తకమన్న తప్పు కావాలె, ఇంకేదన్న జరిగుండాలె. ఏం జరిగిందో మీరే చెప్పుండ్రి. ఊరికే అనుడు కాదు, చూసి చెప్పాలె."

"వాన పడి కారింది సార్" అన్నాడో పిల్లాడు.

"పెంకుల కింద చూడు."

పైకెక్కి చూశాడు. కప్పు పొడిగా ఉంది. తట్ట పెట్టిన చోట నేలా పొడే.

"గాలిలో తేమ సార్" అంది ఇంకో పిల్ల.

"మరి తలుపు దగ్గరి తట్టకు ఆ గాలే కదా?"

ఆరో తరగతి పిల్లాడొకడు వచ్చి తట్టలో వేలు దూర్చాడు. ఒకవైపు, మరోవైపు. "సార్, కిటికీ దిక్కు ఎక్కువ తడుంది. ఇటు తక్కువ." పరుగెత్తి కిటికీ దగ్గరికెళ్ళాడు. "సార్! ఊచల కింద మట్టి కారిన చారలున్నయ్. బయటి నుంచి పోసిండ్రు."

"ఎవరు?" అన్నాడు జంపయ్య. ఆయన గోడ వదిలేసి ముందుకొచ్చాడు. ఇంటికి వెళ్ళాలనుకున్న వాళ్ళు కూడా ఆగిపోయారు. ఇప్పుడు ప్రయోగం కంటే దొంగ ఎవరన్నది ముఖ్యం.

మోతీ చెయ్యెత్తింది.

"నేనే సార్. గ్లాసుతోటి పోసిన."

"ఎందుకమ్మా? పోయొద్దన్న కదా?"

"అన్నరు సార్. కానీ తీజ్ కదా. మనం ఏసిన తీజ్ ఎండితే ఇంటికి మంచిది కాదంట. మా తమ్మునికి ఎప్పుడూ జరమే ఉంటది. నాకు బుగులైంది."

అన్నం వడ్డిస్తూ ద్వాలి అన్న మాట తుల్సీరాంకు ఇప్పుడు వచ్చి తగిలింది. ఇంతలో వెనక నుంచి మరో పిల్ల లేచింది. "నేను గూడ పోసిన సార్. మోతీ పోసిందని తెల్వదు." ఆ వెనక ఇంకొకతి. ఎవరికి వాళ్ళు తానొక్కతే పోస్తున్నాననుకున్నారు. పొద్దున ఒకరు, అన్నం బెల్లప్పుడు ఒకరు, ఇంటికెళ్ళే ముందు ఇంకొకరు. చివరికి ముందు బెంచీ మీది సాయిప్రియ కూడా నిలబడింది.

వెంకటప్పయ్య కళ్ళద్దాలు తీశాడు. "నువ్వెందుకే? మనకు తీజ్ లేదుగా!"

"మోతీ వాళ్ళ తమ్ముడికి జ్వరం వస్తుందంట కదా తాతయ్యా" అంది సాయిప్రియ. "ఒకరోజు మోతీ బడికి రాలేదు. మరెవరు పోస్తారు? అందుకని దోసిలి పట్టి పోశా."

ఇంటి దగ్గర నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పే పిల్ల. ఊరందరి ముందూ నిలబడి చెప్పింది. ముసలాయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"సరే" అన్నాడు తుల్సీరాం. ఇప్పుడు ఆయన గొంతులో బెరుకు పోయింది. "ఎవరెన్ని పోసిండ్రో ఈ బకెట్లో పోయుండ్రి. అంతే, ఎక్కువొద్దు తక్కువొద్దు."

ఆడపిల్లలు వరసగా వచ్చి గ్లాసులతో, దోసిళ్ళతో పోశారు. బకెట్ అడుగు దాటి నీళ్ళు పైకి వచ్చాయి. తర్వాత నీళ్ళు పోయాల్సిన మగపిల్లల వంతు. వాళ్ళు ఒకరినొకరు తోసుకున్నారు.

"రోజూ పోసిండ్రా?"

"గుర్తున్న రోజు పోసినం సార్."

"ఎన్ని రోజులు గుర్తుంది?"

వాళ్ళూ పోశారు. రెండో బకెట్లో అడుగు కూడా మునగలేదు. వరండా మళ్ళీ గొల్లున నవ్వింది. కానీ ఈసారి నవ్వు సారు మీద కాదు. మగపిల్లల తల్లులే ముందు మొదలుపెట్టారు. "గేదెకు కుడితి పెట్టమంటే గిట్లనే పెడ్తడు వీడు!" అని ఒకావిడ కొడుకు చెవి పట్టుకుంది.

"ఎక్కువ నీళ్ళు పడ్డదే ఎక్కువ పెరిగింది" అన్నాడు వెంకటప్పయ్య నెమ్మదిగా, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "అంటే పాఠం తప్పు కాదన్నమాట."

"పాఠం తప్పు కాదు సార్. గోధుమలు పెట్టుడే నా తప్పు. మా తండా పిల్లలకు గోధుమ తట్ట ఎండబెట్టమని చెప్పిన. నేను గదే తండాలో పుట్టి." తుల్సీరాం తల గోక్కున్నాడు. "మళ్ళ చేస్తం. ఏ గింజైతే మీకు పర్వాలేదు?"

"పెసలు సార్" అంది మోతీ వెంటనే.

"పెసలు ఎండబెడితే బుగులు కాదా?"

"పెసలకెందుకైతది సార్? అవి తీజ్ కాదు గదా."

"పెసలు మా ఇంట్లో ఉన్నాయి" అంది సాయిప్రియ. తాతను అడగలేదు.

సోమవారం తుల్సీరాం మోపెడ్ మీద వస్తుంటే వాగు దగ్గర ఆటో ఎదురైంది. ఆగి చూడాలనిపించలేదు, చూడకుండా ఉండలేకపోయాడు. లోపల ముగ్గురో నలుగురో పిల్లలు, కొత్త టైలు కట్టుకుని. మిగతా సీటంతా సంచులే. డ్రైవరు చెయ్యెత్తి పలకరించాడు. "ఏంది సారూ, ఇప్పలగుంపులో పిల్లలు ఎక్కరా ఏందీ? చైర్మన్‌సాబ్ దసరా దాకా చూద్దామన్నడు."

దసరా దాకా. తుల్సీరాం ఆ మాటను రెండుసార్లు అనుకుని, మోపెడ్ వేగం పెంచాడు. ఆ లెక్కన పోస్టు ఎక్కడికీ పోదు, ఈ ఏటికి.

బడికొచ్చేసరికి గది కిటికీ బయట కుర్చీ వేసుకుని వెంకటప్పయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కర్ర, పక్కన మంచినీళ్ళ చెంబు. లోపల ఆ కిటికీ దగ్గర పెసలు వేసిన డబ్బా ఒకటి, రెండో కిటికీ దగ్గర ఇంకోటి, మూడోది చీకటి కొట్లో.

"నేనుంటాను కాపలా" అన్నాడాయన. "ఎవరు నీళ్ళు పోస్తారో చూస్తా. మీరు పాఠం చెప్పుకోండి."

ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆరోజు ఏడో తరగతి నోట్సుల్లో మొదటిసారి పూర్తి పేజీ రాశారు. శనివారం ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని. మోతీ పేజీన్నర రాసి, చోటు చాల్లేదని అడ్డంగా కూడా రాసింది.

నీళ్ళు పోయని డబ్బాలో మట్టి మధ్యాహ్నానికి తెల్లగా పొడిబారింది. వెంకటప్పయ్య ఊచల్లోంచి దాన్ని చూస్తూ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. కాసేపాగి లేచి, వంగి, మళ్ళీ చూశాడు. జీవితమంతా విత్తనం వేసిన చెయ్యి.

"మాస్టారూ" అన్నాడు లోగొంతుకతో, "మరీ ఇంత ఎండాలా? ఒక్క చుక్క పోస్తే తప్పవుతుందా?"

"తాతయ్యా!" అని లోపలి నుంచి సాయిప్రియ అరిచింది.

తుల్సీరాం బయటికి వచ్చి, చైర్మన్‌గారి చెంబు తీసి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాడు. తర్వాత కుర్చీని కూడా ఎత్తి, నీళ్ళు పోసే డబ్బా ఉన్న రెండో కిటికీ దగ్గర వేశాడు.